ఆయప్ప వచ్చిన దినం మాత్ర

నా సర్టిఫికెట్ షాపు గోడకు వేలాడాలి, నేను ఇంట్లో కూర్చుని చారుకు పోపు పెట్టుకోవాలి. పెళ్లప్పుడు మా మామగారు చేసుకున్న ఏర్పాటు అది. ఆయన తప్పు కూడా కాదులెండి, ఆ రోజుల్లో మా వైపు చాలా మందుల షాపులు అలాగే నడిచేవి. ఫార్మసీ చదివిన కాగితం ఒకరిది, కౌంటరు వెనక నిలబడే మనిషి ఇంకొకరు. నేను ప్రొద్దుటూరులో పుట్టి పెరిగినదాన్ని. నోరెక్కువని పుట్టింట్లోనే పేరు తెచ్చుకున్నదాన్ని. జమ్మలమడుగులో కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పేశాను, నా కాగితం ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటానని, కుదరదంటే కాగితమూ నేనూ కలిసి ప్రొద్దుటూరు బస్సెక్కుతామని. మామగారు రెండు రోజులు మొహం మాడ్చుకుని, మూడో రోజు కౌంటరు వెనక ఇంకో కుర్చీ వేయించారు.

మనిషి మంచివాడు. చాలా ఏళ్లు ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, తర్వాత షాపు పెట్టుకున్నారు. నాకు ఆయన నేర్పింది ఒక్కటే. జబ్బు అడుగు, ఊరు అడగొద్దు. మొదట్లో నాకు అర్థం కాలేదు. కొన్నాళ్లు కూర్చున్నాక అర్థమైంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ రెండుగా చీలిపోయి ఉన్న కాలం. ఈ ఊరు ఫలానా పార్టీది, ఆ ఊరు ఇంకో పార్టీది, కొన్ని ఊళ్లలో తూర్పు వీధి ఒకరిది, పడమర వీధి ఇంకొకరిది. ఊరు పేరు అడిగితే నువ్వెవరి మనిషివని అడిగినట్టే. బంద్ అంటే బజారంతా షట్టర్లు దింపేవాళ్లు, మందుల షాపు జోలికి మాత్రం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. దూది, కట్టుగుడ్డ ఇద్దరికీ కావాలి కదా. కౌంటరుకు ఈ చివర ఒక పక్షం మనిషి, ఆ చివర ఇంకో పక్షం మనిషి నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మందులు తీసుకుని పోయిన రోజులున్నాయి. మామగారు ఇద్దరితోనూ ఒకేలా మాట్లాడేవారు, అంటే అసలు మాట్లాడేవారు కాదు.

నాకది చేతకాదు. అడగకుండా మందివ్వడం నాకు రాదు. కౌంటరులో ఆడమనిషి కూర్చుందని తెలిశాక ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. వీధి గుమ్మం నుంచి కాదు. మా పక్కనే గాజుల అంగడి ఉండేది. దాన్ని నడిపే ముస్లిం ఆమెను నేను ఆపా అని పిలిచేదాన్ని. ఆమె అంగడికీ మా షాపుకూ వెనక ఒకే పెరడు. ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు గాజులు వేయించుకునే నెపంతో ఆపా దగ్గర కూర్చుని, మెల్లగా పెరట్లోంచి మా షాపు లోపలి గదికి వచ్చేవాళ్లు. అట్టపెట్టెల మధ్య నిలబడి "అక్కా, ఆ మాత్రలు" అనేవాళ్లు. ఆ మాత్రలంటే పిల్లలు పుట్టకుండా వేసుకునేవి. ముందు కౌంటరులో ఉన్న మామగారు ఒకసారి దగ్గి, వీధిలోకి తీక్షణంగా చూస్తూ కూర్చునేవారు. వీధిలో చూడ్డానికి ఏమీ ఉండేది కాదు.

తనకు కావాలని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. తోడికోడలికి, చెల్లెలికి, పక్కింటామెకు. నా మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే, ఎవరికి అని. ఒకామె చిర్రుబుర్రులాడింది కూడా, ఇచ్చేదానికి ఇన్ని అడుగుతావేందని. అడగక చస్తానా. సర్కారు తక్కువ ధరకు ఇప్పిస్తున్న ఆ మాత్రలకు డాక్టరు చీటీ అక్కర్లేదు. అంటే ఆ చీటీలో డాక్టరు ఆలోచించాల్సిందంతా నేనే ఆలోచించాలి. పాలు తాగే బిడ్డ ఉందా, రక్తపోటు ఉందా, ఒకవైపు తల పగిలిపోయేలా నొప్పి వస్తుందా, కాళ్లు వాస్తాయా, ఇవన్నీ తెలియకుండా చేతిలో పెడితే నేను మందులమ్మినదాన్ని అవుతాను కానీ ఫార్మసిస్టును కాను. ఈమధ్య పేపర్లో చదివాను, ఎక్కడో పరాయి దేశాల్లో ఈ మాత్రలు రాసిచ్చే అధికారం మందుల షాపువాళ్లకే ఇస్తూ చట్టం చేశారట. మంచిదే. అధికారం దానిమటుకు అది ఉంటుంది, అవతలి మనిషి నిజం చెప్పేదాకా దానితో పనేమీ జరగదు. ఆ సంగతి నాకు తెలిసొచ్చిన రోజు గురించే ఇదంతా.

ఎండాకాలం మొదట్లో, మధ్యాహ్నం పూట వచ్చింది ఆమె. ముప్పై లోపు వయసు, చామనఛాయ, అప్పుడే ఆపా వేసిన పచ్చగాజులు చేతుల నిండా ఉన్నాయి. ముద్దనూరు బస్సు దిగిందని ఆపా చెప్పింది, అంతకంటే నేను అడగలేదు. అట్టపెట్టె మీద కూర్చోమన్నా కూర్చోలేదు. చెల్లెలికి మాత్రలు కావాలంది. చెల్లెలి వయసు, పిల్లలు, ఒంట్లో సంగతులు అడిగితే తడుముకోకుండా చెప్పింది. నాలుగేళ్ల కూతురుంది, రక్తపోటు లేదు, తలనొప్పి లేదు. చెల్లెలి గురించి ఇంత వివరంగా తెలిసిన అక్కను నేనెక్కడా చూడలేదు. ఇంతకుముందు వాడిందా అని అడిగాను. వాడుతూనే ఉందట, పులివెందుల బస్టాండు దగ్గర ఒక షాపులో కొన్నదట, అతను పేపర్లో చుట్టి మొహం చూడకుండా చేతిలో పెట్టాడట.

"ఎట్ల ఏసుకుంటాంది?" అని అడిగాను.

"ఎట్లేముందక్కా. ఆయప్ప వచ్చిన దినం ఒకటి."

నాకు మొదట నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. పేపర్లో చుట్టి ఇచ్చినవాడి మీద మంట. నెలకు సరిపడా చేసిన పట్టీ అది. రోజుకొకటి వేసుకోవాలి, తెల్లవి అయిపోయాక ఎర్రవి, అవీ అయిపోయాక కొత్త పట్టీ. ఆ చెల్లెలికి ఒక్క పట్టీ ఒక చీనీ కాపు నుంచి, అదే బత్తాయి కాపు నుంచి, మళ్లీ కాపు దాకా నెలల తరబడి వచ్చిందట. నొప్పున్న రోజు తలనొప్పి మాత్ర వేసుకున్నట్టే ఇదీ అవసరమైన రోజు వేసుకునేదని అనుకున్నారు పాపం. చెప్పినవాడుంటే కదా.

మొగుడు వచ్చిన రోజు అంటే ఏమిటి, ఎక్కడికి పోయాడని అడిగాను. ఆమె నీళ్లు నమిలింది. మా వైపు మగవాళ్లు ఇంట్లో లేరంటే కువైట్‌లో ఉన్నట్టే లెక్క, అందుకని కువైటా అన్నాను. గబుక్కున కువైటే అంది. ఎన్నాళ్లకోసారి వస్తాడంటే, నెలకోసారి, ఒక్కో నెల రెండుసార్లు అంది.

"నెలకు రెండుసార్లు కువైట్ నుంచి వస్తాడా? ఏం విమానం మ్మే అది, ముద్దనూరులో దిగుతాందా?"

నా నోరు అంతే. అనేశాక ఆమె మొహం చూశాను. నవ్వలేదు. పెట్టె మీద కూలబడి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాజులు చప్పుడు కాకుండా ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుంది. అప్పుడు నాకర్థమైంది, చెల్లెలూ లేదు, కువైటూ లేదు.

ఆమె మెల్లగా చెప్పింది. మొగుడు ఒక కేసులో ముద్దాయి. ఊళ్లో గొడవైన రోజు నుంచి పరారీలో ఉన్నాడు. పోలీసులు వెతుకుతున్నారు, అవతలి పక్షంవాళ్లు పోలీసులకంటే ముందు వెతుకుతున్నారు. వీళ్లకు ఊరి బయట చీనీ తోట ఉంది. బోరు మోటారుకు కరెంటు ఏ వేళకిస్తారో తెలియదు, వచ్చినప్పుడల్లా పోయి నీళ్లు కట్టుకోవాలి. మొగుడు లేడు కాబట్టి ఆమే పోతుంది. అతను ఎప్పుడన్నా అక్కడికి వస్తాడు. చెట్ల మధ్య కాసేపు కూర్చుని, ఆమె తెచ్చిన సంగటి తిని, కూతురి ముచ్చట్లు అడిగి పోతాడు. ఈ సంగతి ఆమె అత్తకు కూడా తెలియదు. ముసలామె నోట్లో మాట నిలవదని కొడుకే చెప్పొద్దన్నాడట.

పోయిన నెల ముట్టు స్నానం ఎప్పుడు చేశావని అడిగాను. ఆమె తల దించుకుంది. చేయలేదంది.

ఎందుకు అంత బిగుసుకుపోయి కూర్చుందో అప్పుడు తెలిసింది. మొగుడు ఇంట్లో లేని ఆడమనిషికి కడుపొస్తే ఊరు రెండే మాటలంటుంది. మొగుడు వస్తాండాడని ఒకటి, అంటే పోలీసులో పగవాళ్లో తోటలో కాపు కాస్తారు. మొగుడు రాలేదని ఇంకొకటి, అంటే ఈమె చెడిపోయిందని. కడుపు కనబడిన రోజున అతని ప్రాణమన్నా పోవాలి, ఈమె మానమన్నా పోవాలి.

మూత్రంలో ముంచి చూసుకునే పట్టీలు అప్పటికే మా షాపుకొచ్చాయి. ఒకటి తీసుకుని ఆమెను ఆపా బాత్రూముకు పంపాను. ఆపా ఏమీ అడగలేదు, అంగడిలో ఉన్న ఇద్దరు పెళ్లివాళ్లకు ఎర్రగాజుల రకాలన్నీ విప్పి చూపిస్తూ కూర్చుంది. ఆమె తిరిగొచ్చి పట్టీ నా చేతికిచ్చింది. రెండు గీతలు. ఒకటి లేతగా ఉంది కానీ ఉంది.

"దింపేదానికి ఏమన్నా ఇయ్యక్కా" అంది.

అలాంటివి ఇచ్చేవాళ్లు లేకపోలేదు. నెల వచ్చేలా చేస్తాయని ఏవో మాత్రలు గుప్పెడు చేతిలో పోసేవాళ్లు, వేడి చేసే కషాయాలిచ్చేవాళ్లు. ఆ తర్వాత ఆ ఆడవాళ్లను మంచాల మీద మోసుకొచ్చేవాళ్లు, నేను కళ్లారా చూశాను. ఇవ్వనని చెప్పాను. రాకుండా చూసుకునేది చెప్పే హక్కు నాకుంది, వచ్చినదాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు, అది డాక్టరు పని అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంత అడిగింది ఇందుకా అన్నట్టు చూసింది. నాకూ కష్టంగానే ఉంది, అయినా మాట మార్చలేదు. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది, చట్టప్రకారమే చేస్తుంది, మాట బయటపెట్టదు, నేనే వెంట తీసుకుపోతానని చెప్పాను.  ఆమె పచ్చగాజులు పైకి తోసుకుని అంది.

"ఆయప్ప ఇంట్లో ఉండింటే ఈ పాటికి ఊరంతా చక్కెర పంచింటా గదక్కా."

అంటే ఆమెకు బిడ్డ వద్దని కాదు. ఇంకో బిడ్డ కావాలని ఎప్పటి నుంచో ఉంది. అతనికి చెప్పకుండా ఏదీ చేయనంది. మళ్లీ అతను వచ్చేదాకా ఆగుతానంది. ఆగితే ఆగు కానీ మరీ ఆలస్యం చేయొద్దన్నాను. అప్పుడొకటి అప్పుడొకటి మింగిన మాత్రల వల్ల బిడ్డకేమన్నా అవుతుందా అని గుమ్మం దగ్గర ఆగి అడిగింది. ఏమీ కాదు, అయినా డాక్టరమ్మకు చెప్పాలని చెప్పాను. ఇంకోసారి ఆ మాత్రలు వాడే రోజొస్తే మొగుడు ఉన్నా లేకపోయినా దినామూ వేసుకోవాలని కూడా చెప్పాను. అప్పుడది చెప్పాల్సిన మాటేనా అంటే కాదు, కానీ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఆమె పోయాక మామగారు లోపలికొచ్చారు. ఊరు అడిగావా అన్నారు. లేదన్నాను. తెలిసిందా అన్నారు. తెలిసిందన్నాను. ఆయన మొహం నల్లబడింది. ఆడవాళ్ల మాటలు ఆయన చెవిన పడే ఉంటాయి, మధ్యలో ఉన్నది చెక్క తలుపే కదా. ఒక పక్షంవాళ్లకు మేలు చేశామని రెండో పక్షానికి తెలిస్తే ఇన్నేళ్లుగా కాపాడుకున్నది ఒక్క పూటలో పోతుందని, ఇందులోంచి తప్పుకోమని గట్టిగానే చెప్పారు. నేనూ గట్టిగానే అన్నాను. గాయానికి దూది ఇవ్వడానికి పక్షం అడ్డం రానప్పుడు దీనికెందుకు వస్తుందన్నాను. కత్తి పట్టినవాడికి కట్టు కట్టొచ్చు, కడుపుతో ఉన్నదానికి మంచిమాట చెప్పకూడదా అన్నాను. ఆయన భోజనానికి కూర్చుని మజ్జిగ కూడా నన్ను అడగకుండా తనే వంచుకున్నారు. ఆయన భయంలో అబద్ధం లేదని నాకు తెలుసు. అయినా కోపం తగ్గలేదు. అయితే ఆ తర్వాత ముద్దనూరు బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్లను మెడ చాచి చూసింది ఆయనే, నేను కాదు.

వారాలు గడిచాయి. మళ్లీ వచ్చేసరికి ఆమె బాగా చిక్కిపోయింది. వాంతులు దాచలేక అత్తకు దొరికిపోయింది. అత్త గోడకు తల కొట్టుకుని ఏడ్చి, ఎవరిదని నిలదీసింది. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. నీళ్ల దగ్గర ఆడవాళ్లు పక్కకు జరుగుతున్నారు. కూతురిని ఆటల్లోకి రానివ్వడం లేదు. ఈ మధ్యలోనే మొగుడు తోటకు వస్తే కడుపు సంగతి అతనికి చెప్పింది. అతను కాలువ గట్టున కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని, కరెంటు పోయి మోటారు ఆగేదాకా పారే నీళ్లనే చూశాడట. తర్వాత ఒక్క మాటన్నాడట, ఉంచుకుందాం అని. మిగతాది నేను చూసుకుంటానని చెప్పి వెళ్లిపోయాడు. ఏం చూసుకుంటాడో ఆమెకు తెలియదు. ప్రొద్దుటూరు డాక్టరమ్మ దగ్గరికి కాన్పుకు పోతాను కానీ ఇంకో పనికి పోనంది.

మరి అత్తకు నిజం చెప్పేయొచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"నన్నేమన్నా అనుకోనీక్కా. పడతా. ఆయప్ప వస్తాండాడని మాత్రం నా నోట్నించి రాదు."

నేను తిట్టాను. నిజంగానే తిట్టాను. నీకేమన్నా మతి ఉందా, రేపు ఆ బిడ్డను ఏమని పిలుస్తారు, కూతురికి రేపేం చెప్తావని. ఆమె నా తిట్లన్నీ విని, కొంగుతో మొహం తుడుచుకుని, రక్తం పట్టే మాత్రలు తీసుకుని పెరట్లోంచి పోయింది. ఆపా ఆమె చేతులకు ఇంకో రెండు గాజులు ఎక్కించి పంపింది. ఆ సాయంత్రం నేను ఎవరి మీదా కోపం లేకుండానే అందరినీ కసురుకున్నాను.

ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. ఒక పొద్దున షాపు తెరిచిన కాసేపటికే వీధిలో జీపులు ఎక్కువయ్యాయి. అటో పది మంది, ఇటో పది మంది కోర్టు వైపు నడుస్తున్నారు. ఎదురుగా ఉన్న షాపులు షట్టర్లు సగానికి దింపాయి. మేము మామూలుగానే తెరుచుకుని కూర్చున్నాం. పరారీలో ఉన్నవాడెవడో ఈ రోజు కోర్టుకొస్తున్నాడని ముద్దనూరు బస్సు దిగినవాళ్లెవరో అన్న మాట మామగారి చెవిన పడింది. లేచి చెప్పులు వేసుకున్నారు. రెండు పక్షాలూ ఎదురుపడే చోటని కోర్టు ఉన్న వీధిలోకి ఆయన పదేళ్లుగా అడుగు పెట్టలేదు. ఎక్కడికి మామా అంటే, ఇక్కడికేలే అని వెళ్లిపోయారు.

తిరిగొచ్చాక మంచినీళ్లు తాగి, కుర్చీలో కూర్చుని, నన్ను పిలిచి చెప్పారు. అతను వచ్చాడట. ఇన్నాళ్లూ ఎవరికీ చిక్కనివాడు తెల్లచొక్కా వేసుకుని, వకీలును వెంటబెట్టుకుని, నడుచుకుంటూ వచ్చి సరెండర్ అయ్యాడు. అతని పార్టీ పెద్దలు వద్దన్నారట. ఎన్నికలు అయిపోనీ, మనవాళ్లు గెలిస్తే సర్దుబాటు చేద్దాం, అందాకా కనబడకుండా ఉండమన్నారట. వినలేదు. లోపల పని అయ్యాక పోలీసులు వ్యాను దగ్గరికి తీసుకొస్తుంటే మెట్ల మీద ఆగాడట. ఊరివాళ్లున్నారు, అతని తల్లి ఉంది, అవతలి పక్షంవాళ్లూ ఉన్నారు. అందరికీ వినబడేలా చెప్పాడట. మామగారు ఆ మాటను అతను అన్నట్టే అన్నారు.

"ఇనుకోమ్మా. నా పెండ్లాం కడుపులో ఉండే బిడ్డ నాది. నేను తోటకు వస్తా పోతా ఉన్న్యా. ఇంగ ఎవురన్నా అడిగేదుంటే నన్నడగండి, దాన్ని కాదు."

చెప్పి, తనే ఎక్కి వ్యానులో కూర్చున్నాడట. పరారీలో ఉండి ఊరికొచ్చిపోయానని ఒప్పుకుంటే ఇక బెయిలు దొరకదని అక్కడున్న వకీళ్లు అనుకున్నారట. ఇదంతా చెప్పి మామగారు లేచారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, దూది తక్కువగా ఉంది తెప్పించాలన్నారు. నేను లోపలి గదిలోకి పోయి పెట్టెల మధ్య కాసేపు ఏడ్చాను. ఆడమనిషి మానం కోసం కత్తులు తీసే మగవాళ్లను మా వైపు చాలామందిని చూశాం. చేతులు చాచి బేడీలు వేయించుకున్నవాణ్ణి అంతకుముందు చూడలేదు.

ప్రొద్దుటూరు డాక్టరమ్మ దగ్గర కాన్పయింది, మగబిడ్డ. నేను పోయి చూశాను. అత్తే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, అచ్చం కొడుకు ముక్కేనని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. నాకు ఒళ్లు మండింది కానీ బాలింత ముందు నోరు మూసుకున్నాను. బెయిలు చాలాకాలం రాలేదు. ఆమె నెలకోసారి జైలుకు పోయి బిడ్డను చూపించి వచ్చేది, దారిలో ఆపా దగ్గర కూర్చుని పోయేది. తోటకు బోరు ఎండిపోయి కొన్ని చెట్లు పోయాయి, కొన్నిటిని బిందెలతో పోసి బతికించుకుంది. ఏళ్లు గడిచాక పై నాయకులిద్దరూ ఒకే పార్టీలో చేరి, ఒకే దండలో తలలు దూర్చారు. కింద రాజీలు కుదిరాయి. సాక్షులు మాకేమీ తెలియదన్నారు. కేసు కొట్టేశారు. ఆ దండ ముందే వేసుకుని ఉంటే ఎంతమంది ఆడవాళ్లు సుఖంగా ఉండేవాళ్లో అని నేనంటే, మామగారు గమ్మునుండమన్నారు.

కేసు పోయాక ఒక రోజు వాళ్లు షాపుకొచ్చారు. గాజుల అంగడి వైపు నుంచి కాదు, వీధి గుమ్మంలోంచే. అతన్ని నేను చూడడం అదే మొదలు. నేననుకున్నంత పెద్ద మనిషేమీ కాదు, పలచగా, కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. కొడుకు అతని చూపుడువేలు పట్టుకుని ఉన్నాడు. మామగారు అప్పటికి బాగా ముసలివారయ్యారు, కౌంటరు పక్కన కుర్చీలో కూర్చునేవారు. అతన్ని ఎగాదిగా చూసి, నా పెళ్లయిన నాటి నుంచి ఎవరినీ అడగని మాట అడిగారు.

"ఏ ఊరప్పా?"

అతను ఊరి పేరు చెప్పాడు. మామగారు మంచి ఊరన్నట్టు తలూపారు.

తర్వాత అతను కౌంటరు దగ్గరికొచ్చాడు, ఆమె రెండడుగులు వెనక నిలబడింది. అతను అడగాలని ఇద్దరూ ముందే అనుకుని వచ్చారని తెలుస్తూనే ఉంది. నా వెనకున్న అరల్లోని సీసాలన్నీ చూశాడు. దగ్గు మందు వైపు చూశాడు. పసిపిల్లల పౌడరు వైపు చూశాడు. కోర్టు మెట్ల మీద అంతమంది ముందు అంత మాట అన్నవాడికి ఇక్కడ నోరు పెగల్లేదు. చివరికి మాత్రలు కావాలన్నాడు. నేను ఊరుకుంటానా.

"ఎవురికి?" అన్నాను.

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. అయినా చెప్పాడు, మా ఇంటామెకని, ఇద్దరు చాలనుకున్నామని. వీధిలో పోయేవాళ్లకు వినబడేంత గట్టిగానే చెప్పాడు. నా సర్వీసులో తన పెళ్లాం కోసమని చెప్పి ఆ మాత్రలు అడిగిన మొదటి మగవాడు అతనే. నేను ఆమెను ముందుకు పిలిచి, అడగాల్సినవన్నీ మళ్లీ మొదటి నుంచి అడిగి, పట్టీలు తీసి కౌంటరు మీద పెట్టాను. పేపర్లో చుట్టలేదు. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత అని చూపించాను. పాత సంగతి గుర్తుంది కాబట్టి గొంతు కాస్త గట్టిగానే పెట్టి, ఆయప్ప వచ్చిన దినం కాదు, దినామూ వేసుకోవాలని చెప్పాను.

ఆమె పట్టీలు తీసుకుని రవికలో దోపుకుంది. మొగుడి వైపు ఒకసారి చూసి నవ్వింది.

"దినామూనే ఏసుకుంటాలేక్కా. ఇప్పుడు దినామూ ఇంటికే వస్తాండాడు గదా."